రివ్యూ వచ్చిందా? వీ2 రాయండి!

మీరు ప్యాచ్ పంపారు. టాబ్లెట్‌లోని యాక్సెలరోమీటర్ కోసం రాసిన లినక్స్ డ్రైవర్ అది. సొంత పేరుతో, ప్రపంచమంతా చూసేలా పంపారు. శభాష్!

రెండు రోజులకి జవాబు వచ్చింది. తెరిచారు. లైను లైనుకీ కామెంట్లు. "ఇది ఎందుకు?" "ఇది ఇక్కడ ఉండకూడదు." "ఈ ఎర్రర్ వస్తే పవర్ ఎవరు ఆపుతారు?" వెతికినా ఒక్క మెచ్చుకోలు మాట లేదు.

గుండె జారిందా? ఒక్క నిమిషం. ఆ మెయిల్ మళ్ళీ చూడండి. మీతో ముఖపరిచయం కూడా లేని ఒక నిపుణుడు మీ కోడ్‌ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివాడు. ఇంత శ్రద్ధగా మీ పనిని ఇంతకుముందు ఎవరైనా చదివారా?

కెర్నెల్ పనిలో కామెంట్లకి ఎవరూ భయపడక్కర్లేదు. భయపెట్టేది మౌనం. కామెంట్లు వచ్చాయంటే మీ ప్యాచ్ మీద ఆశ పెట్టుకున్నారన్నమాట. ఇప్పుడు మీ పని ఒక్కటే. వీ2 రాయాలి. అంటే అదే ప్యాచ్ రెండో వెర్షన్. ఇదొక నైపుణ్యం. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. మీకూ వస్తుంది.

మనకి తెలిసిన పేర్లే

"ఇదంతా అమెరికా వాళ్ళ వ్యవహారం" అనుకుంటున్నారా? కెర్నెల్ సోర్స్ తెరవండి. సెన్సర్ డ్రైవర్లు ఉండే ఐఐఓ విభాగంలో యాక్సెలరోమీటర్ల ఫోల్డర్‌కి వెళ్ళండి. కేఎక్స్‌సీజేకే-1013 అనే డ్రైవర్ ఉంటుంది. బీఎంసీ150 అనే ఇంకొకటీ ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ఎన్నో టాబ్లెట్లలో స్క్రీన్ తిరుగుతోందంటే ఈ రెండింటి చలవే. రెండూ 2014లో ఇంటెల్ తరఫున వచ్చాయి. ఫైల్ చివర రచయిత పేరు చదవండి. శ్రీనివాస్ పండ్రువాడ. మెయింటైనర్స్ ఫైల్‌లో హెచ్ఐడీ సెన్సర్ హబ్ దగ్గర కూడా అదే పేరు ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళ్తే ఎన్‌వీమెమ్ విభాగం దగ్గర శ్రీనివాస్ కందగట్ల. తెలుగువాళ్ళ చెవికి ఈ పేర్లు కొత్తవా?

ఇంకో సంగతి చూడండి. బీఎంసీ150 డ్రైవర్ 2014లో ఎలా వచ్చిందో అలాగే ఉండిపోలేదు. ఏడాది తిరిగేసరికి వేరేవాళ్ళు దాన్ని రెగ్‌మ్యాప్ మీదికి మార్చారు. కోర్ ఒక ఫైల్, ఐ2సీ ఒక ఫైల్, ఎస్‌పీఐ ఒక ఫైల్‌గా విడదీశారు. కెర్నెల్‌లోకి వెళ్ళిన మంచి డ్రైవర్‌కే దిద్దుబాట్లు ఆగవు. మరి మీ మొదటి వెర్షన్‌కి కామెంట్లు వస్తే నొచ్చుకోవడం దేనికి?

పొద్దున్నే హైదరాబాద్ మెట్రో పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గం వెళ్ళే వాళ్ళలో చిప్ కంపెనీల ఇంజినీర్లు ఉంటారు. మారేడ్‌పల్లి, బోయిన్‌పల్లి ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. రోజంతా సీ కోడ్ రాస్తారు. ఆఫీసు గోడల మధ్య అందరూ పులులే. సొంత పేరుతో బయటికి ఒక్క ప్యాచ్ పంపమంటే మాత్రం వెనకడుగు వేస్తారు. తెలివి తక్కువై కాదు, నలుగురిలో మాట పడాల్సి వస్తుందన్న బెరుకు అది. ఆ బెరుకు అలవాటుతో పోతుంది. పోయి తీరుతుంది.

ఎంసెట్ బుర్రని పక్కన పెట్టండి

మనం పెరిగిన పద్ధతి ఏమిటి? ఒక పరీక్ష. ఒక కీ. ఒక ర్యాంకు. రెండోసారి రాస్తే "లాంగ్‌టర్మ్ బ్యాచ్" అని చుట్టాలు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఎర్ర సిరా కనిపిస్తే తప్పు చేశామన్న భావన ఒంట్లో ఇంకిపోయింది.

కెర్నెల్ లెక్క వేరు. అక్కడ ఎన్నిసార్లు రాసినా అడిగేవాళ్ళు లేరు. వీ5, వీ8 దాకా వెళ్ళి లోపలికి చేరే డ్రైవర్లు మామూలే. వీ8 అంటే ఏడుసార్లు ఫెయిలయ్యాడని ఎవరూ చదవరు. ఏడుసార్లు విన్నాడు, ఏడుసార్లు దిద్దాడు అని చదువుతారు. ఈ ఒక్క ఆలోచన మీ బుర్రలోకి ఎక్కితే సగం పని అయిపోయినట్టే.

మన ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. 2011 అక్టోబర్ 5న విడుదలైన ఆకాశ్ టాబ్లెట్ గుర్తుందా? విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చవక టాబ్లెట్. హైదరాబాద్‌లోనే అసెంబుల్ చేశారు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే తప్ప పలకని రెసిస్టివ్ టచ్. వాడిన పిల్లలు మొహమాటం లేకుండా చెప్పారు. స్లోగా ఉంది, టచ్ బాగోలేదు అన్నారు. 2012 నవంబర్‌లో ఆకాశ్ 2 వచ్చింది. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, కెపాసిటివ్ టచ్. వాడినవాళ్ళ నోటి నుంచి వచ్చిన రివ్యూ అది. దానికి జవాబు మాటల్లో రాలేదు, వస్తువులో వచ్చింది.

ఆ మైనస్ గుర్తు తీసెయ్యండి!

ఇప్పుడు ఒక కామెంట్‌ని దగ్గరగా చూద్దాం. సెన్సర్ డ్రైవర్లు కొత్తగా రాసేవాళ్ళకి తరచూ ఎదురయ్యేదే.

డ్రైవర్ పనిచేస్తోంది. టాబ్లెట్‌ని నిలువుగా పట్టుకున్నారు. స్క్రీన్ తలకిందులైంది. కారణం వెతికారు. వై యాక్సిస్ విలువ తిరగబడి వస్తోంది. డ్రైవర్‌లో ఒక మైనస్ గుర్తు పెట్టారు. స్క్రీన్ నిటారుగా నిలబడింది. సంతోషంగా ప్యాచ్ పంపారు.

రివ్యూలో వచ్చిన మాట: ఆ మైనస్ తీసెయ్యండి.

ఒళ్ళు మండుతుంది. పనిచేస్తున్నదాన్ని తీసెయ్యమంటారేమిటి? ఇదిగో, సరిగ్గా ఈ క్షణంలోనే మీ మైండ్‌సెట్ పని చెయ్యాలి. "నన్ను ఎందుకు ఇలా అన్నాడు" అన్న ప్రశ్నని వదిలెయ్యండి. "అతనికి కనిపించి నాకు కనిపించనిది ఏమిటి" అని అడగండి.

అతనికి కనిపించింది ఇది. మీ దగ్గర ఉన్నది ఒక్క టాబ్లెట్. ఇదే చిప్‌ని ఇంకో కంపెనీ తన బోర్డు మీద 90 డిగ్రీలు తిప్పి అతికిస్తుంది. మరో కంపెనీ బోర్డు వెనక వైపు అతికిస్తుంది. మీ టాబ్లెట్‌ని నిలబెట్టిన ఆ మైనస్, వాళ్ళ టాబ్లెట్లని తలకిందులు చేస్తుంది. చిప్ ఎటు తిరిగి కూర్చుందన్నది బోర్డుకి సంబంధించిన విషయం. చిప్ డ్రైవర్‌కి దాంతో పనిలేదు.

మరి ఎక్కడ రాయాలి? దానికో చోటు ఉంది. మౌంట్ మ్యాట్రిక్స్ అంటారు. మూడు వరసలు, మూడు నిలువులు, మొత్తం తొమ్మిది అంకెలు. డివైస్ ట్రీ వాడే బోర్డులైతే ఆ బోర్డు వివరాల్లో రాస్తారు. ఏసీపీఐ వాడే కొన్ని టాబ్లెట్లలో ఫర్మ్‌వేరే ఆ అంకెల్ని అందిస్తుంది. అదీ లేకపోతే సిస్టమ్‌డీ హార్డ్‌వేర్ డేటాబేస్‌లో సెన్సర్ల కోసమే ఒక ఫైల్ ఉంది. ఏ మోడల్‌కి ఏ మ్యాట్రిక్సో అందులో పేరుపేరునా ఉంటుంది. స్క్రీన్ తిప్పే ప్రోగ్రామ్ దాన్ని చదువుకుంటుంది.

చూశారా? ఒక్క మైనస్ గుర్తు మీద వచ్చిన కామెంట్ మీకు ఏ సంగతి ఎక్కడ ఉండాలో నేర్పింది. డబ్బు కట్టి చేరిన కోర్సులో కూడా ఇది దొరకడం కష్టం. రివ్యూ అంటే నాకు ఇందుకే అంత గౌరవం.

ఇంకోటి, త్వరగా. యూనిట్లు. ఐఐఓలో నియమం స్పష్టంగా ఉంటుంది. ముడి విలువని స్కేల్‌తో గుణిస్తే మీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌లో జవాబు రావాలి. మీ డ్రైవర్ జీ లెక్కలో ఇస్తే వెనక్కి వస్తుంది. కేఎక్స్‌సీజేకే డ్రైవర్‌లో 2జీ రేంజ్‌కి స్కేల్ 0.009582. టాబ్లెట్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టండి. జడ్ యాక్సిస్ ముడి విలువ 1024 దగ్గర ఉండాలి. గుణించండి. 9.81 వచ్చిందా? భూమి ఆకర్షణ మీ డ్రైవర్‌కి సంతకం పెట్టినట్టే. నిమిషం పట్టని పరీక్ష. చెయ్యకుండా వీ2 పంపకండి.

వీ2 అలవాటు

కామెంట్లు చదివాక ఏం చెయ్యాలి? ఇలా చెయ్యండి.

1. మొత్తం చదవండి. ఆ రాత్రి జవాబు రాయకండి. మెట్రోలో ఫోన్ మీద చదవడం వరకే. జవాబు కీబోర్డు ముందు కూర్చున్నాకే.

2. ప్రతి కామెంట్‌నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. పక్కన మూడింటిలో ఒకటి రాయండి. ఒప్పుకున్నాను. అర్థం కాలేదు. ఒప్పుకోను. నాలుగోది లేదు. "తర్వాత చూద్దాం" అన్న గడి గీశారో, అక్కడికి వెళ్ళిన కామెంట్ ఇక తిరిగి రాదు.

3. అర్థం కానివి, ఒప్పుకోనివి ముందు తేల్చుకోండి. కోడ్ ముట్టుకోవడం ఆ తర్వాతే.

4. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. శుభ్రం చేసేవి ముందు, కొత్త ఫీచర్ తర్వాత. రేపు ఎవరి టాబ్లెట్ అయినా పాడైతే గిట్ బైసెక్ట్‌తో తప్పు ఎక్కడుందో వెతుకుతారు. వాళ్ళకి దారి కనిపించాలి.

5. చెక్‌ప్యాచ్ నడపండి. వార్నింగులన్నీ ఆన్ చేసి బిల్డ్ చెయ్యండి. టాబ్లెట్ మీద మళ్ళీ పరీక్షించండి. ఎర్రర్ దారులు కూడా! ప్రోబ్ సగంలో ఆగిపోతే సెన్సర్ పవర్ ఆగుతోందా? బ్యాటరీ ఊరికే కరిగిపోయే దారులు ఇవే.

6. ఏమేం మార్చారో రాయండి. సంతకం కింద మూడు గీతలు ఉంటాయి కదా, వాటి కింద. "వీ2లో మార్పులు" అని పెట్టి, ఒక్కో మార్పుకి ఒక్కో లైను. ఎవరు చెబితే మార్చారో వాళ్ళ పేరు కూడా. రివ్యూ చేసినవాళ్ళు ఆ నాలుగు లైన్లు చూసి మీరు విన్నారో లేదో తెలుసుకుంటారు.

ఈ ఆరింటిలో నేను పట్టుబట్టేది ఆఖరిది. చాలామంది కోడ్ బాగా దిద్దుతారు. దిద్దినట్టు చెప్పరు. "కోడ్ చూస్తే తెలుస్తుంది కదా" అంటారు. తెలియదు! రోజూ వాళ్ళ ముందు ఎందరివో ప్యాచ్‌లు ఉంటాయి. మీరు చెప్పకపోతే మళ్ళీ మొదటి లైను నుంచి చదవాలి. కెర్నెల్‌తో పాటే వచ్చే సబ్‌మిటింగ్ ప్యాచెస్ పత్రం కూడా ఈ సంగతిలో సూటిగా ఉంటుంది. ప్రతి కామెంట్‌కీ స్పందించమంటుంది. రివ్యూవర్లని పట్టించుకోకపోతే మిమ్మల్నీ పట్టించుకోరని హెచ్చరిస్తుంది.

ఊరికే తల ఊపొద్దు

మనవాళ్ళలో ఇదొక పెద్ద అలవాటు. పెద్దాయన ఏదో అన్నాడు. మనకి నచ్చలేదు. అయినా "సరే సార్" అంటాం. లోపల గొణుక్కుంటాం. వీ2లో సగం మారుస్తాం, సగం వదిలేస్తాం.

అక్కడ సార్ లేడు. ఐఐఓ మెయింటైనర్ జొనాథన్ కామెరాన్‌కి రాసేటప్పుడు "హాయ్ జొనాథన్" చాలు. "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు. గౌరవం మీరిచ్చే సమాధానంలో కనిపిస్తే చాలు.

ఒప్పుకోనప్పుడు ఎలా రాయాలి? కారణంతో రాయాలి. డేటాషీట్ తెరవండి. పేజీ చెప్పండి. "ఈ చిప్‌కి మోడ్ మార్చాక ఇంత సేపు ఆగాలి అని ఫలానా పేజీలో ఉంది, అందుకే ఇక్కడ డిలే పెట్టాను." అంతే. రెండు లైన్లు. రివ్యూవర్ దగ్గర మీ చిప్ ఉండకపోవచ్చు. ఆ చిప్ విషయంలో మీకు తెలిసినంత అతనికి తెలియకపోవచ్చు. మీరు నోరు విప్పకపోతే తప్పు సలహా కోడ్‌లోకి వెళ్ళిపోతుంది. అప్పుడు నష్టం అందరికీ.

చాలాసార్లు ఇంకోటి జరుగుతుంది. మీ కారణం ఒప్పుకుని, "అయితే అదే మాట అక్కడ కామెంట్‌గా రాయండి" అంటారు. మీరు గెలిచారు, కోడ్ కూడా గెలిచింది.

ఇంగ్లీషు సంగతి. తెలుగు మీడియంలో చదివామని వెనక్కి తగ్గేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి గట్టిగా చెబుతున్నాను. కెర్నెల్‌కి కావలసింది పొట్టి వాక్యాలు. ఏమైంది, ఎందుకైంది, ఏం చేశారు. మూడు వాక్యాలు రాయగలిగితే చాలు. రివ్యూ చేసేవాళ్ళలో కూడా ఇంగ్లీషు సొంత భాష కానివాళ్ళు బోలెడంతమంది. ప్రతి కామెంట్ కిందే దాని జవాబు రాయండి. అక్కర్లేని పాత మెయిల్ కత్తిరించండి. మీ జవాబు చదవడానికి హాయిగా ఉంటే, మీ వ్యాకరణం ఎవరూ దిద్దరు.

అంతటి మనిషే మారాడు

కటువైన రివ్యూలు ఉండవా? ఉంటాయి. ఒకప్పుడు ఇంకా ఎక్కువ. లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిళ్ళ ఘాటు అందరికీ తెలిసిందే. 2018 సెప్టెంబర్‌లో ఆయన తన తీరుకి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఇతరుల మనసు అర్థం చేసుకోవడం నేర్చుకోవాలని కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. ఆ అక్టోబర్‌లో 4.19 కెర్నెల్‌ని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశాడు. ఆ రోజుల్లోనే కెర్నెల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని తెచ్చుకుంది.

ఆలోచించండి. 1991 నుంచి ఆ ప్రాజెక్టుని నడిపిస్తున్న మనిషి. ప్రపంచమంతా పేరు తెలిసిన మనిషి. తన ప్రవర్తనకి వచ్చిన రివ్యూని విని, తనకి తాను వీ2 రాసుకున్నాడు. ఇక మన కోడ్‌కి రాసుకోవడం ఎంతపని?

కటువైన కామెంట్ వస్తే దాన్ని రెండుగా విడదీయండి. అందులో కోడ్ గురించిన మాట ఒకటి, గొంతు ఒకటి. మొదటిదానికే జవాబు రాయండి. రెండోది వదిలెయ్యండి. సాధన చేస్తే అలవాటైపోతుంది. ఆఫీసులో, ఇంట్లో కూడా పనికొస్తుంది.

తొందర వద్దు, ఆగిపోవద్దు

వీ2 తయారైంది. అదే రోజు పంపాలని చేతులు దురదపెడతాయి. ఆపుకోండి. ఇంకెవరైనా చదువుతూ ఉండొచ్చు. కనీసం వారం ఆగడం పద్ధతి. పంపాక గుర్తు చెయ్యాలన్నా అంతే, కనీసం వారం.

కొత్త మార్పుల్ని కెర్నెల్‌లోకి కలుపుకునే మెర్జ్ విండో తెరిచి ఉన్న రెండు వారాల్లో మెయింటైనర్లు తలమునకలుగా ఉంటారు. కొత్త డ్రైవర్‌కి అది సమయం కాదు. ఈ కెర్నెల్‌కి అందలేదా? తొమ్మిది పది వారాల్లో ఇంకోటి వస్తుంది. రైలు తప్పిపోయిందని స్టేషన్‌లో కూర్చుని ఏడవకండి. ఆ వారాల్లో డాక్యుమెంటేషన్ దిద్దుకోండి, డివైస్ ట్రీ బైండింగ్ యామల్ ఫైల్‌ని సరిచూసుకోండి.

ఎవరైనా "రివ్యూడ్ బై" అని తమ పేరు ఇచ్చారా? తర్వాతి వెర్షన్‌లో ఆ పేరు మోసుకెళ్ళండి. ఆ ప్యాచ్‌ని బాగా మార్చేశారా? పేరు తీసేసి, ఎందుకు తీశారో చెప్పండి. వాళ్ళు చూడని కోడ్‌కి వాళ్ళ పేరు తగిలించడం నిజాయితీ కాదు.

ఈ వారమే మొదలుపెట్టండి

"నా దగ్గర టాబ్లెట్ లేదు" అంటారా? సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దాటి పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పాత టూ-ఇన్-వన్ ఏదైనా ఉందేమో షాపుల్లో అడగండి. లినక్స్ వేసి, మానిటర్-సెన్సర్ అనే కమాండ్ నడిపి, మెషీన్‌ని నాలుగు వైపులా తిప్పండి. తెర మీద చెప్పిన దిక్కు, మీ చేతిలో ఉన్న దిక్కు ఒకటేనా? కాకపోతే మీ మొదటి ప్యాచ్ దొరికింది. ఆ మోడల్‌కి మౌంట్ మ్యాట్రిక్స్ రాయండి.

డబ్బు పెట్టలేరా? ఐఐఓలో డమ్మీ డ్రైవర్ ఉంది. నేర్చుకునేవాళ్ళ కోసమే పెట్టారు. చిప్ లేకుండానే నడుస్తుంది. అందులో యాక్సెలరోమీటర్ ఛానెల్ కూడా ఉంది.

ఇంకో పని కూడా చెయ్యండి. వేరేవాళ్ళ యాక్సెలరోమీటర్ ప్యాచ్ ఒకటి ఎంచుకోండి. దాని వీ1, వీ2, వీ3 పక్కపక్కన తెరవండి. ఏ కామెంట్‌కి ఏ లైను మారిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. జవాబు రాని కామెంట్ ఒకటి కనిపిస్తే, మర్యాదగా, ఒక్క వాక్యంలో, మీ పేరుతో అడగండి.